కరణం అక్కర్లేని లెక్క

కోస్తా, రాయలసీమ ఊళ్లలో కరణం, తెలంగాణ ఊళ్లలో పట్వారీ తరతరాలుగా చెలాయించిన పెత్తనానికి మూలం వాళ్ల సొంత భూమి కంటే ఊరి భూమి లెక్క. ఎవరి పొలం ఎంత, ఎవరు ఎంత శిస్తు కట్టారు, ఎవరి పేర బాకీ ఉంది అన్నదంతా ఒక ఇంట్లో ఉండేది. అదీ గొలుసుకట్టు రాతలో. కలం ఎత్తకుండా ఒక అక్షరాన్ని మరో అక్షరంలోకి లాగేసే ఆ రాతను బడిలో చదువుకున్నవాడు కూడా కూడబలుక్కోలేకపోయేవాడు. కట్టిన డబ్బు పద్దులో పడిందో లేదో కరణం చదివి చెబితేనే రైతుకు తెలిసేది. అలాగని ఆ లెక్కలు పనికిమాలినవేం కావు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ తరఫున ఊళ్ల చరిత్రలు సేకరించినవాళ్లకు కరణాల కవిలెలే పెద్ద ఆధారం. ఇవాళ మనం కైఫీయతులని చదువుకునే వాటిలో చాలా సంగతులు ఆ తాటాకు కట్టల్లోంచి వచ్చినవే. రాత గొప్పదే, చదవగలిగేవాడు మాత్రం ఒక్కడే కావడంతో వచ్చింది చిక్కంతా. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఈ వంశపారంపర్య గ్రామోద్యోగాలను రద్దు చేసినప్పుడు దాని వెనక ఈ కోపం చాలానే ఉంది.

కంప్యూటర్ లెక్కల చరిత్రను కూడా ఈ కోణంలోంచే చూడాలని నా వాదన. ఇవాళ ఒక చిన్న వెబ్ అప్లికేషన్ కట్టుకునేవాళ్లు, అంటే ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవాళ్లో, పత్రికకు చందాలు కట్టించుకునేవాళ్లో, నలుగురు అమ్మకందార్ల సరుకు ఒకచోట అమ్మిపెట్టేవాళ్లో, మొదట అడిగే ప్రశ్న ఒకటుంది: తేలిగ్గా ఉండి, ఉచితంగా దొరికి, మన కోడ్‌కు తగిలించుకోగలిగే ఓపెన్ సోర్స్ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఏది? ఈ ప్రశ్నలో ‘తేలిక’ అనగానే తక్కువ బటన్లు, తక్కువ మెనూలు అనుకుంటారు. ‘ఓపెన్ సోర్స్’ అనగానే డబ్బు కట్టనక్కర్లేదనుకుంటారు. రెండూ పైపై అర్థాలే. లెక్క రాసిన మనిషి, ప్రోగ్రామ్ రాసిన కంపెనీ ఎదురుగా లేకపోయినా మూడోవాడు పుస్తకం తెరిచి మొదటి పద్దు నుంచి చివరి నిల్వ దాకా సరిచూసుకోగలిగితే ఆ లెక్క తేలికైనది, తెరిచి ఉన్నది. సాఫ్ట్‌వేర్ పుట్టక ముందే వర్తకులు ఈ సంగతి కనిపెట్టారు. కంప్యూటర్ వచ్చాక కొన్నాళ్లు మర్చిపోయాం.

జెనోవా నగర ఖజానా అధికారులు 1340లో రాసిన పుస్తకంలోనే ప్రతి లావాదేవీని రెండు ఖాతాల్లో రాసే జంటపద్దు పద్ధతి పూర్తిగా కనిపిస్తుంది. ఇటలీ వర్తకులు అప్పటికే దాన్ని వాడుతున్నారు. 1494లో లూకా పచోలీ అనే సన్యాసి, గణితజ్ఞుడు, వెనీస్‌లో అచ్చువేసిన తన పెద్ద గణిత గ్రంథంలో ఒక భాగాన్ని ఈ పద్ధతికి కేటాయించాడు. ఆయన దాన్ని కనిపెట్టలేదు, వెనీస్ వర్తకులు చేస్తున్నదాన్ని వరసగా రాశాడంతే. ఆయన చెప్పినవి మూడు పుస్తకాలు. జరిగింది జరిగినట్టు ఇంట్లో ఎవరైనా రాసిపెట్టే చిత్తు పుస్తకం ఒకటి. దాన్ని తేదీల వారీగా, ఏ ఖాతాలోంచి ఏ ఖాతాలోకి అన్నది తేల్చి రాసే రోజువారీ పుస్తకం రెండోది. ఖాతాల వారీగా విడగొట్టే పెద్ద పుస్తకం మూడోది. మన కొట్లలో చిట్టా, ఆవర్జా అని నడిచిన జంట ఈ చివరి రెండింటికీ దగ్గరి చుట్టమే. ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది పుస్తకాల సంఖ్య కాదు, వాటి మధ్య పెట్టిన కట్టుబాటు. రోజువారీ పుస్తకంలోని పద్దు పెద్ద పుస్తకంలో ఒక వైపుకు ఎక్కగానే దాని మీద ఒక ఏటవాలు గీత, రెండో వైపుకు ఎక్కగానే ఇంకో గీత గీయాలి. తప్పు ఖాతాలో రాసేస్తే గీకి చెరపకూడదు, అంతే మొత్తాన్ని ఎదురు వైపు రాసి, రెండు పద్దుల పక్కనా సిలువ గుర్తో మరో గుర్తో పెట్టాలి. కొందరు వర్తకులు రెండు జతల పుస్తకాలు పెట్టుకుని కొనేవాడికి ఒకటి, అమ్మేవాడికి ఒకటి చూపిస్తారని పచోలీ ఆ రోజుల్లోనే వాపోయాడు. అంటే జంటపద్దు దొంగతనాన్ని ఆపేస్తుందని ఆయనకు భ్రమలేం లేవు. దొంగతనం చేయాలంటే రెండో పుస్తకం మొత్తం కష్టపడి రాసుకోక తప్పని పరిస్థితిని ఆ పద్ధతి తెచ్చింది, అంతవరకే.

కంప్యూటర్ ఈ కష్టాన్ని తీసేసింది. సిరా చెరిపితే కాగితం మీద మరక మిగులుతుంది. డిస్కు మీది అంకె మారిస్తే పాత అంకె ఆనవాలు కూడా ఉండదు. 1986లో గోయెంకా తండ్రీకొడుకులు మొదలుపెట్టిన ట్యాలీ మన దేశంలో లెక్కల ముఖమే మార్చేసింది. దాని గొప్పతనాన్ని తక్కువ చేయలేం. ఖాతాలకు నంబర్ కోడ్‌లు గుర్తుపెట్టుకునే తిప్పలు లేకుండా ‘నగదు’, ‘సుబ్బారావు అండ్ సన్స్’ అని పేరు కొట్టి రాసుకోనిచ్చింది. అందుకే కంప్యూటర్ అంటే జంకే గుమాస్తాలు కూడా దానికి అలవాటుపడ్డారు. కానీ చాలా ఏళ్లపాటు అందులో నిరుడు రాసిన వోచర్‌ను ఇవాళ తెరిచి మార్చినా, ఆల్ట్, డి కలిపి నొక్కి తీసేసినా, అడిగేవాడు ఉండేవాడు కాదు. ఇది ట్యాలీ ఒక్కదాని లోపం కాదు, ఆ తరం ప్రోగ్రామ్‌లన్నిటిదీ అదే దారి. వాడేవాళ్లే ఈ సదుపాయం కావాలన్నారు మరి. చివరికి ప్రభుత్వం కలగజేసుకుంది. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేయాలని, ఆ నమోదును ఆపేసే వీలు ఉండకూడదని 2014 నాటి కంపెనీల అకౌంట్స్ నిబంధనల్లో చేర్చారు. 2021లో ప్రకటించి, రెండుసార్లు వాయిదా వేసి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో పెట్టారు. ట్యాలీ కూడా ఎడిట్ లాగ్ ఉన్న రూపం తెచ్చింది. పచోలీ సిలువ గుర్తు 529 ఏళ్ల తర్వాత మన చట్టంలోకి వచ్చిందన్నమాట.

ఈ నియమం వెనక హైదరాబాద్ నీడ ఉందని నేననుకుంటాను. 2009 జనవరి 7న అక్కడి సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖలో 5,040 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు లేనివేనని ఒప్పుకున్నారు. ఆ తర్వాత అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్చేంజ్ కమిషన్ దాఖలు చేసిన ఫిర్యాదులో 6,000కు పైగా దొంగ ఇన్వాయిస్‌ల ప్రస్తావన ఉంది. అవి ఎలా సాధ్యమయ్యాయన్నది ఇక్కడ మనకు కావాల్సిన ముక్క. ఇన్వాయిస్‌లు రాసే వ్యవస్థలో ‘సూపర్ యూజర్’ అధికారం ఉన్నవాళ్లు ఆ దొంగ బిల్లులను ఎక్కించి, అసలు ఆ ప్రాజెక్టులు చేస్తున్న విభాగాల కంటపడకుండా దాచగలిగారు. ఆదాయం లెక్కలోకి మాత్రం అవి వచ్చేవి. ప్రాజెక్టు మేనేజర్ తెరిచిన పుస్తకం ఒకటి, ఖాతాల విభాగం తెరిచింది మరొకటి. పచోలీ చెప్పిన రెండు జతల పుస్తకాలే ఇవి. తేడా ఏమిటంటే రెండో జత రాసుకునే శ్రమ తప్పింది, ఒకే డేటాబేస్‌లో ఒక గుర్తు మారిస్తే సరిపోయింది.

ఇంగ్లండులో జరిగింది ఇంకో రకం అన్యాయం. అక్కడి పోస్టాఫీసులు 1999 నుంచి హొరైజన్ అనే కంప్యూటర్ లెక్కలకు మారాయి. ఫుజిట్సు నడిపిన ఆ వ్యవస్థ చాలా శాఖల్లో లేని లోటు చూపించింది. లోటు వస్తే సబ్‌పోస్ట్‌మాస్టర్ జేబులోంచి పూడ్చాలని పోస్టాఫీసు పట్టుబట్టేది. ఆ లోటు ఏ లావాదేవీలో పుట్టిందో వెతికే దారి మాత్రం ఆయనకు లేదు. తెర మీద మొత్తం కనిపిస్తుంది, దాని వెనకున్న పద్దులు పూర్తిగా కనిపించవు. పైగా ఫుజిట్సు ఉద్యోగులు దూరం నుంచి శాఖల లెక్కల్లోకి వెళ్లగలిగేవాళ్లు, ఆ సంగతిని చాలాకాలం కాదన్నారు. 900 మందికి పైగా దోషులుగా తేలారు, కొందరు జైలుకెళ్లారు. 2019లో హైకోర్టు హొరైజన్ నమ్మదగ్గది కాదని తీర్పు చెప్పింది. 2024లో పార్లమెంటు ఏకంగా చట్టం చేసి శిక్షలు కొట్టేయాల్సి వచ్చింది. రైతు కట్టిన శిస్తు కరణం నోటి మాటతోనే తేలినట్టు ఇక్కడ పోస్ట్‌మాస్టర్ నిజాయతీ ఒక ప్రోగ్రామ్ మాటతో తేలింది. రాత ఎవరికీ అర్థం కానప్పుడు రాసినవాడి మాటే వేదం.

ఓపెన్ సోర్స్ అకౌంటింగ్ ఈ గొడవలకు జవాబుగా పుట్టింది కాదు, అలా చెబితే కథ మరీ అందంగా తయారవుతుంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ కోడ్ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించినప్పుడు ఆయన మనసులో ఉన్నది ఆపరేటింగ్ సిస్టమ్, ఆవర్జాలు కావు. తొంభైల చివర్లో ఎక్స్ అకౌంటెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ నలుగురి చేతుల్లో పెరిగి గ్నూక్యాష్ అయింది, 1998లో మొదటి రూపం బయటకొచ్చింది. ఇంటి ఖర్చులకు, చిన్న కొట్లకు తగ్గ ప్రోగ్రామ్ అది. దాని అనువాదాల్లో తెలుగు కూడా ఉంది. వెబ్ అప్లికేషన్ కట్టేవాళ్లకు దాని తెర పెద్దగా పనికిరాదు. లోపలి అమరిక మాత్రం చూసి తీరాలి. దాన్ని డేటాబేస్‌లో భద్రపరిస్తే గుండెకాయ లాంటి పట్టికలు మూడే: ఖాతాలు, లావాదేవీలు, వాటి ముక్కలు. ప్రతి ముక్కా ఒక లావాదేవీకి, ఒక ఖాతాకు చెందుతుంది, ఒక లావాదేవీ ముక్కలన్నీ కూడితే సున్నా రావాలి. ఖాతాలో ‘నిల్వ’ అనే గడి లేదు, నిల్వ కావాలంటే ముక్కలు కూడుకోవాలి. డబ్బును దశాంశంగా కాక రెండు పూర్ణాంకాలుగా దాస్తుంది. 499 రూపాయల 50 పైసలంటే పైన 49950, కింద 100. కంప్యూటర్ మామూలు దశాంశాల్లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుందని తెలిసినవాళ్లు ఇలా రాస్తారు. తెలియనివాళ్లు నెలాఖరున పైసా తేడా ఎక్కడుందని రాత్రంతా వెతుక్కుంటారు.

బ్రౌజర్‌లో నడిచే ఓపెన్ సోర్స్ లెక్కలకు తొలినాటి పేరు ఎస్‌క్యూఎల్-లెడ్జర్. పెర్ల్ భాషలో రాసి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద నిలబెట్టారు. 2006లో అందులో బయటపడిన ఒక భద్రతా లోపాన్ని, దాన్ని వాడుకదారులకు చెప్పిన తీరును ఒప్పుకోని కొందరు కోడ్ తీసుకుని విడిపోయి లెడ్జర్ఎస్‌ఎంబీ మొదలుపెట్టారు. ఓపెన్ లైసెన్సు విలువ తేలేది ఇలాంటి తగాదాల్లోనే. కంపెనీతో పేచీ వస్తే మూసి ఉన్న సాఫ్ట్‌వేర్ వాడేవాడు బతిమాలుకోవాలి, తెరిచి ఉన్నది వాడేవాడు పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లిపోవచ్చు. బెల్జియంలో టైనీఈఆర్‌పీగా పుట్టి ఓడూగా మారిన ప్రోగ్రామ్ 2015లో తొమ్మిదో రూపం తెచ్చినప్పుడు పూర్తి అకౌంటింగ్‌ను డబ్బు కట్టే భాగంలోకి జరిపింది. ఉచిత భాగంలో ఇన్వాయిస్‌లు మిగిలాయి, మిగతా కొరతను వాడుకదారుల సంఘం తన మాడ్యూళ్లతో పూడ్చుకుంటూ వస్తోంది. అకౌంటింగ్ (Akaunting) అనే పీహెచ్‌పీ ప్రోగ్రామ్ కూడా జీపీఎల్ అనే ఓపెన్ లైసెన్సు నుంచి ఆంక్షలున్న మరో లైసెన్సుకు మారింది. కంపెనీలు బతకాలి, తప్పుపట్టలేం. అయితే ‘ఇది ఓపెన్ సోర్స్’ అని ఇవాళ చదివిన మాట ఎల్లకాలం ఉండదని దీన్నిబట్టి తెలుసుకోవాలి. ముంబైలో రుషభ్ మెహతా మొదలుపెట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ జీపీఎల్ మీదే నిలబడింది. అందులో ఒకసారి ‘సబ్మిట్’ చేసిన బిల్లును దిద్దడం కుదరదు. రద్దు చేసి, సవరించిన కొత్త కాగితం పుట్టించాలి. పాతది రద్దయినట్టు గుర్తుతో అలాగే ఉంటుంది. అదే సంస్థ తెచ్చిన ఫ్రాపే బుక్స్ చిన్నది, సొంత కంప్యూటర్‌లో ఒకే ఫైలుగా ఉంటుంది. వెబ్‌కు తగిలించుకునే వస్తువు కాదు గానీ చిన్న కొట్టుకు హాయిగా సరిపోతుంది.

నాకు అన్నిటికంటే నచ్చే మలుపు 2003లో వచ్చింది. జాన్ వీగ్లీ రాసిన లెడ్జర్ అనే ప్రోగ్రామ్‌కు తెరా లేదు, డేటాబేసూ లేదు. లెక్కంతా మామూలు టెక్స్ట్ ఫైలు. ప్రోగ్రామ్ దాన్ని చదివి నివేదికలు ఇస్తుంది, ఆ ఫైలులో ఒక్క అక్షరం కూడా రాయదు. 2007లో సైమన్ మైకేల్ దాన్ని హాస్కెల్ భాషలో హెచ్‌లెడ్జర్‌గా తిరగరాశాడు, మార్టిన్ బ్లే పైథాన్‌లో బీన్‌కౌంట్ రాశాడు. ఒక చందా పద్దు ఇందులో ఎలా ఉంటుందో చూడండి. మొదటి పంక్తిలో తేదీ, చందాదారు నంబరు. కింద మూడు పంక్తులు: ‘ఆస్తులు:గేట్‌వే 1180’, ‘ఆదాయం:చందాలు -1000’, ‘అప్పులు:జీఎస్టీ -180’. కూడితే సున్నా. రెండ్రోజుల తర్వాత పేమెంట్ గేట్‌వే తన కమిషన్ పట్టుకుని మిగతాది బ్యాంకులో వేస్తుంది, అప్పుడు ‘గేట్‌వే’ ఖాతాలోంచి 1180 తగ్గి, కొంత ‘ఖర్చులు:కమిషన్’కు, మిగిలింది ‘ఆస్తులు:బ్యాంకు’కు వెళ్తుంది. చందాదారు డబ్బు వెనక్కి అడిగితే మొదటి పద్దును ముట్టుకోం, ఎదురు పద్దు రాస్తాం. ఈ నాలుగు పంక్తులు చదవడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, నోట్‌ప్యాడ్ చాలు. చిట్టా ఇది, ఆవర్జా ప్రోగ్రామ్ చేసిపెడుతుంది.

వెబ్ అప్లికేషన్లు సాధారణంగా చేసే తప్పు దీనికి సరిగ్గా తలకిందులు. వాడుకదారుల పట్టికలో ‘బ్యాలెన్స్’ అని ఒక గడి పెట్టి, డబ్బు వచ్చినప్పుడు కలిపి, పోయినప్పుడు తీసేస్తారు. చిట్టా లేకుండా ఆవర్జాలో చివరి అంకె ఒక్కటే రాసుకోవడం ఇది. గేట్‌వే ఒకే కబురు రెండుసార్లు పంపినా, రెండు కొనుగోళ్లు ఒకే క్షణాన వచ్చి ఒకదాన్నొకటి తుడిచేసినా, గడిలో తప్పు అంకె కూర్చుంటుంది. అది ఎలా వచ్చిందో చెప్పే సాక్షి ఉండడు. హొరైజన్ పోస్ట్‌మాస్టర్‌కు చూపించింది ఇలాంటి అంకెనే. అందుకే పెద్ద ప్యాకేజీ కోసం వెతికే ముందు అప్లికేషన్ డేటాబేస్‌లోనే గ్నూక్యాష్ తరహా మూడు పట్టికలు వేసుకోవాలంటాను. చేర్చడమే తప్ప మార్చడం, తీసేయడం కుదరకుండా అనుమతులు బిగించాలి. గేట్‌వే ఇచ్చే లావాదేవీ నంబరు రెండోసారి చేరకుండా కట్టడి పెట్టాలి. డబ్బును పైసల్లో పూర్ణాంకంగా దాయాలి. రోజూ రాత్రి హెచ్‌లెడ్జర్ చదవగలిగే టెక్స్ట్‌గా దింపుకోవాలి.

దీనికి ఎదురు వాదనలు గట్టివే ఉన్నాయి. మన ఆడిటర్‌కు ట్యాలీ తప్ప మరొకటి రాదంటారు. నిజం. ఆయన ట్యాలీని మాన్పించనక్కర్లేదు. ట్యాలీ 9000 పోర్టులో ఎక్స్ఎంఎల్ రూపంలో వోచర్లు తీసుకుంటుంది, నెలకోసారి మొత్తాలు అందులోకి పంపితే ఆయన పని ఆయన చేసుకుంటాడు. అసలు చిట్టా మాత్రం మన దగ్గర ఉంటుంది. జీఎస్టీ చిక్కులు మూడు పట్టికల్లో ఇమడవంటారు. రిటర్నులు, ఈ-ఇన్వాయిస్‌లు, హెచ్ఎస్ఎన్ కోడ్‌లు ఇమడవు, అవి చిట్టా మీద కట్టుకునే నివేదికలు, వాటికి ఈఆర్‌పీనెక్స్ట్ లాంటిది వాడుకోవడమే తెలివి. జీతాలు, సరుకు నిల్వలు, పది శాఖలు ఉన్న వ్యాపారానికి నేను చెప్పేది చాలదని కూడా ఒప్పుకుంటాను. అన్నిటికంటే బరువైన అభ్యంతరం మరొకటి: కోడ్ తెరిచి ఉన్నంత మాత్రాన మోసం ఆగుతుందా? ఆగదు. సత్యంలో పనిచేసిన ప్రోగ్రామ్ కోడ్ ఊరంతా చదివినా, సూపర్ యూజర్ అధికారం కొందరికే ఉన్నంతకాలం అదే జరిగేది. హొరైజన్ కోడ్ బయటపెట్టినా, తమ శాఖ పద్దులు చూసే హక్కు లేని పోస్ట్‌మాస్టర్లకు దానివల్ల ఒరిగేది తక్కువే. తెరిచి ఉండాల్సింది ముందు లెక్క, తర్వాత కోడ్. కోడ్ ఎందుకు తెరవాలంటే, పద్దులు సరిగ్గా ఉన్నా కూడిక తప్పుగా చేసే ప్రోగ్రామ్‌ను పట్టుకోవడానికి మరో దారి లేదు కాబట్టి. ఈ వరస తిరగబడినచోట ఓపెన్ సోర్స్ అనేది గోడ మీది బోర్డుగా మిగులుతుంది.

ఎంచుకునేటప్పుడు నేను చూసే మొదటి సంగతి అందుకే మెనూల్లో ఉండదు. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు కనీసం ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి. ఎలక్ట్రానిక్ లెక్కలైతే రోజూ మన దేశంలోని సర్వర్‌లో ఒక నకలు ఉండాలని 2022లో చేర్చారు. ఎనిమిదేళ్లలో ప్రోగ్రామ్ లైసెన్సు మారొచ్చు, కంపెనీ చేతులు మారొచ్చు, కోడ్ రాసిన కుర్రాడు ఉద్యోగం మానేసి అమెరికా వెళ్లిపోవచ్చు. కాబట్టి ఏ ప్యాకేజీనైనా కొత్తగా దింపుకున్న రోజునే ఓ పది లావాదేవీలు రాసి, ఒకటి రద్దు చేసి, మొత్తాన్ని బయటికి తీసి, ఆ ప్రోగ్రామ్ లేని మరో కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. రద్దయిన పద్దు, దాని ఎదురు పద్దు రెండూ ఆ ఫైలులో కనిపించాలి. కనిపించకపోతే దాని తెర ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టి, తర్వాతిది చూడటం మేలు.